ఆషాఢంల కొన్న లాప్‌టాప్

మన్సూరాబాద్
20 జూన్ 2025

చెల్లె ముత్తమ్మకు, నీ అక్క అండాలు రాస్తున్న.

మేమంత మంచిగున్నమని మొదలువెట్టాలె. గని నిజం చెప్పాల్నంటే మొన్నటి సంది నాకు అన్నం సయిస్తలేదు. నీ మనుమరాలు జ్యోతిక బాగనే ఉన్నది, భయపడకు. భయమంత నాదే.

ఫోన్ చేస్తలేనని కోపం పెట్టుకోకు. గీ ఫోన్ల నీ గొంతు డబ్బల పడ్డ ఈగ లెక్క ఇనిపిస్తది. నా కొడుకు బాలరాజు కొత్తది తెచ్చిచ్చిండు, అది సుత గట్లనే ఉన్నది. ఈ కాలం ఫోన్లే మంచిగ లెవ్వు. గందుకే ఉత్తరం. చిట్యాల బస్సు నడిపే మన తిరుపతి ఎల్బీనగర్ల ఆగినప్పుడు ఇస్తున్న. నువ్వు సుత వాని చేతికే ఇయ్యి.

లాప్‌టాప్ సంగతి. జ్యోతిక మా ఇంట్ల ఉండి దిల్‌సుఖ్‌నగర్ల గా ఆటల కోర్సు చదవబట్టి ఏడాదాయె. ఇప్పుడు దానికి ఆటలాడే లాప్‌టాప్ గావాలట. పైసలు నువ్వు పంపిస్తివి, సరే. అక్క చేతులతోనే కొనాలె అంటివి. మీ బోరు మోటరు నా చేతులతోనే, నీ కొడుకు మట్టయ్య ఎరువుల దుకాణానికి మొదటి తాళం నా చేతులతోనే. నీ చెయ్యి మంచిదక్కా అంటవ్. మోటరంటే నీళ్లొస్తే మంచిది, రాకుంటే చెడ్డది. గీ లాప్‌టాప్‌ల ఏమొస్తదో నాకేం ఎరుక?

మొన్న ఇద్దరం పోయినం. మెట్రో కింద పండ్ల బండ్లు దాటినంక సందుల పట్టాభి అనే ఆయన దుకాణం. ఆంధ్ర దిక్కు మనిషి, మర్యాదస్తుడు. రెండు లాప్‌టాప్‌లు ముందలవెట్టిండు. చూస్తే కవల పిల్లల తీర్గ ఉన్నయి. ధర సుత ఇంచుమించు ఒకటే. ఒకదాంట్ల ప్రాసెసర్ మంచిదట, మెమొరీ తక్కువట. ఇంకోదాంట్ల మెమొరీ ఎక్కువట, ప్రాసెసర్ ఒక మెట్టు కిందట. పదహారు, ముప్పై రెండు అని ఏందో లెక్క చెప్పిండు. పదహారేంది, కిలోలా అని అడిగిన. పిల్ల నవ్వింది. ఆయన నవ్వలే, మంచోడు.

నేను చీరెలకు ఫాల్ కుట్టి బతికినదాన్నని పిల్ల చెప్పినట్టుంది. ఆయన నా చెవి దగ్గరికొచ్చి, "అమ్మా, ప్రాసెసర్ అంటే మీ కుట్టుమిషను మోటారండీ. ఎంత జోరుగా కుడుతుందో అది. మెమొరీ అంటే మిషను పక్కనుండే బల్ల. ఒకేసారి ఎంత బట్ట పరుచుకోగలరో అది" అన్నడు. గంతవరకు సమజైంది. గప్పుడే కరెంటు పోయింది, జనరేటర్ మొదలువెట్టిన్రు. ఆయన, పిల్ల ఇద్దరు చాలాసేపు మాట్లాడుకున్నరు. ఆయన లాప్‌టాప్ ఎనకకు తిప్పి వేలు పెట్టి చూపిచ్చిండు. ఆఖరికి ఇద్దరు నా దిక్కు చూసిన్రు. నేను తలూపిన.

ఏమైందో, పిల్ల మొఖం చిన్నబోయింది. ఏం కొనకుండనే ఇంటికొచ్చినం. నా తప్పేందో నాకు తెలుస్తలేదు.

మోటరు మంచిదుండాల్నా, బల్ల పెద్దదుండాల్నా? నువ్వు ధైర్నం ఉన్నదానివి, నువ్వు చెప్పు.

దిగులుతోని,
అండాలు

---

24 జూన్ 2025

అక్కా,

నీ ఉత్తరం తిరుపతి తెచ్చి వాకిట్లనే చదవమని నిలవడ్డడు. మొత్తం ఇని, "పెద్దమ్మ ఇంకా మారలే" అనుకుంట పోయిండు.

చిన్నప్పుడు నువ్వు చింతగింజలు ఆడేటప్పుడు గింజ ఎగరేసి, పడుతదో పడదో అని కండ్లు మూసుకుంటుంటివి. గిప్పుడు సుత గదే.

ముందుగాల ఒకటి తెలుసుకో. పిల్ల ఆటలు ఆడుడు కాదు, ఆటలు తయారు చేసుడు నేర్సుకుంటుంది. జూలై ఇరవై ఒకటి లోపల సొంతంగ ఒక ఆట చేసి ఇయ్యాలెనట. మంచిగున్న ఆట చేసినోళ్లను కంపెనీవాళ్లు పిలుస్తరట. కాలేజీల ఉన్న కంప్యూటర్ల మీద దాని ఆట నడుస్తలేదట, సగంల ఆగిపోతుందట. మట్టయ్య ఏమన్నడో నీకు తెలుసా? "ఈసారి కాకపోతే పిల్లను తోలుకొస్త, దుకాణంల కూసొని బిల్లులు రాస్తది" అన్నడు. అన్నడంటే చేస్తడు, వాళ్ల నాయన మొండితనమంత వానికే ఒచ్చింది.

గందుకే జల్ది కొను. నేను ఫోన్ చేస్తే "అంత మంచిగుంది నానమ్మా" అంటది గని ఇంకో మాట చెప్పది. దాన్నే అడుగు ఏది కావాల్నో.

మా మోటరు బాగుచేసే జంగయ్యను అడిగి మళ్ల రాస్త. వానికి కరెంటు సామాన్ల సంగతి తెలుసు.

నీ బీపీ గోలీలు మర్చిపోకు.

ముత్తమ్మ

---

మన్సూరాబాద్
29 జూన్ 2025

ముత్తమ్మా,

అడుగు అంటివి, అడిగిన. అది పాలు పొంగుతుంటే పొయ్యి కాడ నిలవడ్డది. "ఏది కొందాం బిడ్డా" అన్న. అది చాలా చెప్పింది. చేతులు తిప్పుకుంట చెప్పింది. మిక్సీల కోడలు పచ్చడి పడుతుంది. నేను తలూపిన. ఆఖరికి "సరే పెద్ద నానమ్మా, నీ ఇష్టం" అన్నది, గది ఒక్కటి ఇనిపిచ్చింది. నా ఇష్టమంటే ఇగ నాకు ఎట్ల నిద్ర పడుతది?

ఇంకో సంగతి. ఆషాఢం సొచ్చింది. నువ్వు రాసిన ఇరవై ఒకటో తారీకు సుత ఆషాఢంలనే ఉన్నది, క్యాలెండర్ గోడ మీది నుంచి తీసి కిటికీ కాడ ఎలుగుల చూసిన. ఆషాఢంల కొత్త సామాను ఇంట్లకు తేవద్దని అమ్మ అంటుండె కదా. నా చేతులతో కొని, పిల్ల ఆట చెడిపోతే మట్టయ్య నన్ను ఏమనడు, గని నన్ను నేను అనుకుంట.

బాలరాజును అడిగితే, "అమ్మా, దుకాణాలన్ని ఆషాఢం సేల్ అని బోర్డులు పెట్టినయి, నువ్వొక్కదానివే దేశంల ఆషాఢం పట్టుకున్నవ్" అని కాయితం మీద రాసిచ్చిండు. వానికి నేనంటే ఎప్పుడు నవ్వులాటే.

పిల్ల సక్కగ తింటలేదు. కాలేజీ నుంచి ఒచ్చి గోడ దిక్కు తిరిగి పడుకుంటది. ఎవలన్న పోరడు ఎనకవడ్డడా అని కోడలిని అడగమన్న. లేదట. మరి ఇంటి మీద బెంగనా? మా ఇంట్ల ఏమన్న తక్కువైందా? పొద్దుగాల ఉప్మా ఎక్కువ సార్లు చేస్తున్నమా? దానికి ఉప్మా పడదా? జర కనుక్కో.

జంగయ్య ఏమన్నడో రాయి. నా మటుకు బల్లనే పెద్దదుండాల్నని అనిపిస్తుంది. చిన్న బల్ల మీద పట్టుచీరె పరిస్తే కొంగు జారి కింద పడుతుండె, దాన్ని మళ్లమళ్ల ఎత్తుకునుడే సరిపోతుండె. అయితే మోటరు సుస్తుగ ఉంటే బల్ల ఎంత పెద్దదైతే ఏం లాభం? చూసినవా, మళ్ల మొదటికే ఒచ్చిన.

ఏం తోచని
అండాలు

---

3 జూలై 2025

అక్కా,

పిల్లకు ఉప్మా పడదని ఎవ్వరన్నరు? నువ్వు ఉప్మా మీదనే ఉండు, ఇక్కడ తారీకు దగ్గరికి ఒస్తుంది.

ఆషాఢం అంటవ్. ఆషాఢంలనే కదా బోనం ఎత్తుతం? గప్పుడు కొత్త కుండ కొంటలేమా? అమ్మవారికి కొత్త కుండ కొనొచ్చు గని పిల్లకు లాప్‌టాప్ కొనొద్దా? అమ్మ బతికుంటే ఆమెనే నీ చెయ్యి పట్టుకొని దుకాణానికి గుంజుకపోతుండె.

జంగయ్యను అడిగిన. చెట్టు కింద కూసొని బాగ ఆలోచన చేసి, "మెమొరీ ఎక్కువున్నదే తీసుకోవాలె" అన్నడు. ఎందుకురా అంటే, "ఎక్కువున్నది తక్కువున్నదానికంటే మంచిది" అన్నడు. నాకు సబబుగనే అనిపిచ్చింది.

ఇగ మెమొరీదే కొను.

ముత్తమ్మ

---

మన్సూరాబాద్
9 జూలై 2025

ముత్తమ్మా,

నన్ను చంపుదామనుకున్నవా ఏంది?

తిరుపతి బిడ్డకు జరమొచ్చి డ్యూటీకి రాలేదట. నిన్న ఒకేసారి రెండు ఉత్తరాలు చేతుల పెట్టిండు. ఒకదాంట్ల మెమొరీదే కొను అని ఉన్నది. ఇంకోదాంట్ల ప్రాసెసర్‌దే కొను, జంగయ్య వాని అల్లుణ్ణి అడిగి చెప్పిండు అని ఉన్నది. సరే, ఎనక రాసిందే లెక్కకు తీసుకుందామంటే, ఆ రెండోదాని తారీకు మీద తిరుపతి పచ్చిపులుసు గిన్నె ఒలికిపోయింది. పసుపు మరక తప్ప ఏం కనిపిస్తలేదు. ఒకవేళ జంగయ్య ముందు ప్రాసెసర్ అని, ఎనక మెమొరీ అన్నడా? అల్లుడు ముందా, చెట్టు ముందా? రాత్రంత ఇదే.

ఇగ ఎవ్వర్ని అడగను. పొద్దున లేచి పిల్లను చూసిన. పండుకున్నది గని కండ్లు తెరిచే ఉన్నయి. దిండు కింది నోటుబుక్కు తీసి దాంట్ల బొమ్మలు గీసుకుంటుంది, లాప్‌టాప్ లేక కాయితం మీద ఆట గీస్తుంది ముత్తమ్మా. ఆషాఢం లేదు, ఏం లేదు. ఎల్లుండి శుక్రవారం దుకాణానికి పోతున్న. పోయినంక ఏది కొంటనో నాకే తెల్వది.

నువ్వు మాత్రం ఇంకో ఉత్తరం రాయకు. రాస్తే మళ్ల మతి మారుతది.

అండాలు

---

మన్సూరాబాద్
12 జూలై 2025, శనివారం

ముత్తమ్మా,

ఈ ఉత్తరం చదివి ఎవ్వలకు చెప్పకు. మట్టయ్యకు అసలే చెప్పకు.

నిన్న కొన్న. ఎట్ల కొన్ననో ముందుగాల చెప్త. దుకాణానికి పోదాం నడువు అంటే పిల్ల నమ్మలే. "నిజంగనా పెద్ద నానమ్మా?" అని రెండు మూడు సార్లు అడిగి, చెప్పులు ఒకటి నావి, ఒకటి కోడలివి ఏసుకొని బయల్దేరింది. పట్టాభి మళ్ల రెండు ముందలవెట్టిండు. నేను లాప్‌టాప్‌లను చూడలే, పిల్ల కండ్లను చూసిన. దాని కండ్లు ప్రాసెసర్ మంచిదున్న దాని మీద నుంచి పక్కకు పోలే. ఇగ దాని మీదనే చెయ్యి పెట్టిన. పిల్ల దుకాణంలనే నన్ను గట్టిగ పట్టుకున్నది. చాలా రోజులకు నిన్న రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకొని తిన్నది.

గింతవరకు మంచిగనే ఉన్నది. ఇక్కడ ఆగిపోతే నేను అండాలును ఎందుకైత?

రాత్రి మళ్ల ఆషాఢం గుర్తొచ్చింది. దోషం పోవాల్నంటే పూజ చేయించాలె. ఇయ్యాల శనివారం, హనుమంతుని రోజు. పిల్ల పొద్దున కాలేజీకి పోయింది, దాని పనంత పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకొస్త అని. నేను లాప్‌టాప్ సంచిల పెట్టుకొని ఆటో ఎక్కి కర్మన్‌ఘాట్ గుడికి పోయిన. కొత్త బండ్లకు పూజ చేసేకాడ ఒక ఆటో, ఒక స్కూటీ వరుసల ఉన్నయి. వాటి పక్కన పీట మీద లాప్‌టాప్ పెట్టిన. పూజారి చూసి, "ఇదేందమ్మా?" అన్నడు. "ఇది సుత బండే అయ్యగారూ, మా పిల్ల దీని మీదనే పోవాలె" అన్న. ఆయన మంచిగ కుంకుమ పెట్టిండు. నేను కింద నిమ్మకాయ పెట్టిన. మూత ఏసుంటే దేవునికి ఏం కనిపిస్తది అని మూత తెరిచిన. స్కూటీకి కొట్టినట్టే పక్కనే కొబ్బరికాయ కొట్టిన.

నా చెయ్యి మంచిదంటవ్ కదా. ఒక్క దెబ్బకే పలిగింది. నీళ్లన్ని అక్షరాల మీద పడ్డయి.

కొంగుతోని తుడిచిన. ఇంటికి తెచ్చి బొత్తం ఒత్తితే నల్లగ ఉన్నది. మళ్ల ఒత్తిన, నల్లగనే ఉన్నది. అప్పుడెప్పుడో కోడలు ఫోన్ నీళ్ల పడితే బియ్యంల పెట్టింది, బాగైంది. గట్లనే లాప్‌టాప్‌ను తువ్వాలల చుట్టి బియ్యం డబ్బల పెట్టిన. పైకెళ్లి బియ్యం పోసిన. ఇప్పుడు దాని మీద సోల పెట్టి ఉన్నది.

పిల్లకు చెప్పలే. పూజ చేయించిన, మూడొద్దులు ముట్టొద్దు అని అబద్ధం ఆడిన. దేవుని పేరు మీద ఆడిన, అది ఇంకో పాపం. పిల్ల తల దించుకున్నది. ఇందాక మళ్ల ఒచ్చి ఏదో అడిగింది. ఫ్యాన్ చప్పుడు. నేను తలూపిన. దేనికి తలూపిన్నో తెల్వది ముత్తమ్మా. ఇంకా తొమ్మిదొద్దులే ఉన్నయి.

కోడలు సాయంత్రం అన్నానికి బియ్యం తీస్తనన్నది. నాకు ఉపాసం, మీరు రొట్టెలు చేసుకోండ్రి అని చెప్పి డబ్బ మీదనే కూసున్న.

నీ పాపిష్టి అక్క
అండాలు

---

14 జూలై 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందుగాల నవ్విన. బాగ నవ్విన, కోడలు ఉరికొచ్చి చూసింది. ఎనక ఏడుపొచ్చింది.

ఈ ఉత్తరం అందంగనే డబ్బ మీది నుంచి లే. పిల్లకు చెప్పు. నేను ఫోన్ చేసి చెప్పొచ్చు, నిమిషం పట్టది. చెప్ప. నీ నోటితోనే చెప్పాలె.

ఇంకొకటి. నీ ఉత్తరాలన్ని ముందలవెట్టుకొని చదివిన. జనరేటర్ అంటవ్, మిక్సీ అంటవ్, ఫ్యాన్ అంటవ్, ఫోన్లు మంచిగ లెవ్వంటవ్. ప్రతిసారి "నేను తలూపిన" అంటవ్. అక్కా, నీకు చెవులు ఎంత ఇనిపిస్తున్నయి? నాతోని ఆడకు. నేను నీ తోడబుట్టినదాన్ని. పిల్లకు ఈ సంగతి ఎరుకేనా? లేకుంటే పెద్ద నానమ్మ అన్ని ఇని, అన్నిటికి సరే అని, ఏం చేస్తలేదు అనుకుంటుందా?

ప్రాసెసర్, మెమొరీ ఏదైతే ఏంది. ముందుగాల గిది తేల్చు.

నిన్నేం అనని
ముత్తమ్మ

---

మన్సూరాబాద్
23 జూలై 2025

చెల్లె ముత్తమ్మకు,

నీ ఉత్తరం పదిహేనో తారీకు పొద్దుగాల ఒచ్చింది. చదివి డబ్బ మీది నుంచి లేచిన. ఎనక పిల్లను పిలిచి డబ్బ మూత తీసిన. సోల దాని చేతికిచ్చిన.

బియ్యంల చెయ్యి పెట్టి లాప్‌టాప్ తీసింది. బియ్యం దులుపుకుంట అట్లనే సంచిల ఏసుకొని బయటికి ఉరికింది, నేను సుత ఎనక ఉరికిన. చైతన్యపురి దాక ఆటోల పోయినం. అటెన్క దిగి నడిచినం, గా ట్రాఫిక్‌ల ఆటో కదలలే.

పట్టాభి ఎనకదిక్కు స్క్రూలు ఇప్పిండు. లోపల నుంచి బియ్యం గింజలు రాలినయి. ఆయన నా దిక్కు చూసిండు, నేను నేలను చూసిన. నీళ్లు పైన అక్షరాల కాడనే ఆగినయట, లోపలి పలకకు తాకలేదట. కొన్ని అక్షరాలు పోయినయి, వేరే కీబోర్డ్ తగిలించి నడిపిచ్చుకోవచ్చట. కరెంటు పెట్టంగనే తెర ఎలిగింది. నాకు కుర్చీ ఏసిన్రు.

ఇప్పుడు ఇను. తెరిచిన లాప్‌టాప్‌ల ఒక పచ్చ పట్టీ ఉన్నది, మన జాకెట్ కాజా పట్టీ అంత. గదే మెమొరీ అట. దాని పక్కన గంతే జాగ ఖాళీగ ఉన్నది. పట్టాభి నా చెవి కాడికొచ్చి గట్టిగ చెప్పిండు. "అమ్మా, ప్రాసెసర్ అతికించేసి ఉంటుందండీ, మళ్లీ మార్చలేం. మెమొరీకి ఇదిగో చోటుంది, ఎప్పుడైనా ఇంకోటి వేసుకోవచ్చు. ఆ రోజే చెప్పానుగా! అందుకే ప్రాసెసర్‌దే తీసుకోండన్నాను. ఆషాఢం రాకముందే తీసుకెళ్తారా, శ్రావణం దాకా ఆగుతారా అంటే, ఆగుతామని మీరే తలూపారు."

అంటే నెలరోజులు నేను, నువ్వు, జంగయ్య, జంగయ్య అల్లుడు కొట్లాడుకున్నది లేని పంచాయితికి ముత్తమ్మా. మోటరు మంచిది కొని, బల్ల ఎనక పెద్దది చేసుకోవచ్చట. పిల్ల మిక్సీ కాడ చెప్పింది సుత గదేనట. ఆషాఢం కోసం నేనే ఆపుతున్న అనుకొని నోరు మూసుకున్నది.

పిల్ల నన్నే చూస్తుంది. గప్పుడు చెప్పిన. "బిడ్డా, నాకు ఇనిపిస్తలేదు. రెండేండ్ల సంది ఎక్కువైంది. మళ్ల చెప్పమంటే ఇసుక్కుంటరని తలూపుత" అన్న. దుకాణంల అందరి ముందల అన్న. పిల్ల నా పక్కకు కుర్చీ గుంజుకొని ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో నాకు సమజు కాలే, ఏడ్వాల్సింది నేను కదా?

నువ్వు పంపినదాంట్ల మిగిలిన పైసలతోని ఇంకో పట్టీ సుత ఏయించుకున్నది. ఇరవయ్యో తారీకు దాక ఎప్పుడు పండుకున్నదో, ఎప్పుడు లేచిందో. సోమవారం ఆట ఇచ్చొచ్చింది. రేపు గురువారం కంపెనీవాళ్లు రమ్మన్నరు, ఇంకా పదిమందిని సుత రమ్మన్నరట. తీసుకుంటరో లేదో తెల్వది. మట్టయ్యకు ఫోన్ల చెప్తే, "సరే, చూద్దాం" అన్నడట. వాడు సరే అన్నడంటే నాకు ఇంకో భయం మొదలైంది.

నిన్న నాకు ఆట చూపిచ్చింది. తెర మీద దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు ఉన్నది, మెట్రో స్తంభాలు, బస్సులు, పండ్ల బండ్లు ఉన్నయి. రోడ్డు దాటనీకె ఒక ముసల్ది నిలవడ్డది. నాలెక్కనే కొంగు బిగించి, సంచి పట్టుకున్నది. అందరు ఒచ్చి దారి చెప్తరు, ముసల్ది తలూపుతది. తలూపినప్పుడల్ల ఎటో పోతది. ఒకసారి కొత్తపేటల తేలింది, ఒకసారి బస్సెక్కి చిట్యాల పోయింది. నాకు నవ్వొచ్చింది, సిగ్గొచ్చింది.

ముందు దాంట్ల తలూపే బొత్తం ఒక్కటే ఉండెనట. ఎన్నిసార్లు ఆడినా ముసల్ది రోడ్డు దాటకపోయేదట. ఆఖరి రెండొద్దులల్ల ఇంకో బొత్తం పెట్టింది. దాని మీద తెలుగుల పెద్ద అక్షరాలతోని "మళ్ల చెప్పు" అని రాసుంది. ఒత్తు పెద్ద నానమ్మా, అని నా వేలు పట్టుకొని పెట్టింది. ఒత్తిన. పండ్ల బండాయన మళ్ల చెప్పిండు. ఇంకోసారి ఒత్తిన, ఇంకా నిదానంగ చెప్పిండు. ఎవ్వరు ఇసుక్కోలే. ముసల్ది రోడ్డు దాటింది.

శ్రావణం రాంగనే దవాఖానకు చెవులు చూపిచ్చుకోను పోదామన్నది. ఆషాఢంల అయితే ఒద్దంటవ్ కదా అని నవ్వింది. ఇంకా ఏమో అన్నది, ఇనిపియ్యలే.

మళ్ల చెప్పు బిడ్డా అన్న. చెప్పింది.

నీ అక్క
అండాలు